జర్గెన్ అభిమాని

అభిమాని పుట్టేది పుస్తకం చేతికి వచ్చినప్పుడు కాదు, దాన్ని ఎవరో లాక్కున్నప్పుడు. అమెరికాలో జర్గెన్ అభిమాని అనే జాతి అలాగే పుట్టింది.

వర్జీనియాలోని రిచ్‌మండ్ వాసి జేమ్స్ బ్రాంచ్ క్యాబెల్ 1919లో ‘జర్గెన్’ నవల అచ్చేసినప్పుడు మనవాడు కన్నెత్తి చూడలేదు. 1920 జనవరిలో న్యూయార్క్ దుర్నీతి నిరోధక సంఘం, దాని పెద్ద జాన్ సమ్నర్ చొరవతో, ప్రతుల్నీ అచ్చు పలకల్నీ జప్తు చేయించింది. అప్పుడు పుట్టుకొచ్చింది మనవాడికి సాహిత్యం మీద ఎక్కడలేని భక్తి! పదిమందిని బతిమాలి, అసలు ధర మీద ఇంకొంత పోసి, చాటుగా ఒక ప్రతి సంపాదించాడు. గది గడియ పెట్టుకుని రాత్రంతా చదివాడు. తెల్లారేసరికి తొలి అభిప్రాయం సిద్ధం.

“ఇంతకీ అసలు సంగతి ఏ పేజీలో ఉందిరా?”

పాపం, అందులో ఉన్నవి కత్తులు, బల్లేలు, రాజదండాలు. ఏది పట్టుకున్నా శ్లేషే. శ్లేషకి ఓపిక కావాలి, మనవాడి దగ్గర ఆత్రమే ఉంది. 1922 అక్టోబరులో కోర్టు నవలని నిర్దోషిగా వదిలేసింది. పుస్తకం అందరికీ దొరకడం మొదలవగానే మనవాడి ప్రతి అటకెక్కింది.

నలభై దాటాక, జుట్టు పలచబడ్డాక, అటక దిగింది. ఈసారి చూస్తే కథానాయకుడు అచ్చం తనే! జర్గెన్ నలభై దాటిన తాకట్టు వ్యాపారి, ఒకప్పటి కవి. సైతానుని వెనకేసుకొచ్చిన పుణ్యానికి గయ్యాళి భార్య లీసా మాయమవుతుంది. నలుగురూ ఏమనుకుంటారోనని వెతకబోయి, దారిలో పోయిన యవ్వనాన్ని తిరిగి సంపాదిస్తాడు. ఇక గ్వెనివీర్, అనైటిస్, క్లోరిస్... మజిలీకో ప్రేమ. బిరుదులకీ లోటు లేదు. డ్యూకు, యువరాజు, రాజు, చక్రవర్తి, స్వర్గానికి వెళ్లేసరికి ఏకంగా పోపు!

రెండో అభిప్రాయం: “ఇది సరసం కాదండీ, తత్వం.”

అప్పటినుంచి ఏ విందులోనైనా సూపు చల్లారేలోపు ‘పురుషుడి సౌందర్యాన్వేషణ’ మొదలెడతాడు. “భాష మరీ తీపి, పది పేజీలకే మొహం మొత్తింది” అని ఒకరంటారు. “ఆ పేర్లకి విడిగా నిఘంటువు వేయాల్సింది” అని ఇంకొకరు. “ఆడవాళ్లందరూ ఆయనగారి దారిలో సత్రాలేనా?” అని ఒకావిడ నిలదీస్తుంది. ముగ్గురికీ మనవాడిది ఒకటే జవాబు: “మీకు వ్యంగ్యం అందలేదు.” వ్యంగ్యం తన మీదే ఉందేమోనన్న అనుమానం మాత్రం ఆయన దరిదాపులకి రాదు.

మూడో చదువు అరవై దాటాక. చివర్లో గ్వెనివీర్, అనైటిస్, హెలెన్ వరసగా ఎదుట నిలబడి రమ్మన్నా జర్గెన్ ముగ్గురికీ నమస్కారం పెట్టి, నా లీసాని నాకిప్పించండి చాలంటాడు. మనవాడు కళ్లజోడు తుడుచుకున్నాడు. “ఆహా, ఎంత ఉదాత్తమైన ముగింపు!” అని వంటింటిదాకా వినబడేలా అన్నాడు.

నలభై ఏళ్లుగా ఆ పుస్తకం దుమ్ము దులుపుతున్న భార్య రెండు సాయంత్రాల్లో మొత్తం చదివేసి, తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

“బాగానే ఉంది. కానీ ఆ మహానుభావుడు లోకాలన్నీ తిరుగుతున్నంతసేపూ లీసా మొగుడి గోల లేకుండా ఎంత హాయిగా ఉందో ఒక్క అధ్యాయమైనా రాయాల్సింది. నేనూ రెండోసారి చదివేదాన్ని.”

జీవితంలో మొదటిసారి మనవాడు “నీకు వ్యంగ్యం అందలేదు” అనలేదు. లేచి వెళ్లి ఇద్దరికీ కాఫీ పెట్టాడు. ‘జర్గెన్’ మీద ఆయన ఇచ్చిన అభిప్రాయాల్లో నమ్మదగ్గది అదొక్కటే.