బుల్లెట్టయితే అభిరుచి, మోపెడ్డయితే ఆర్థిక ఇబ్బంది

పాత బుల్లెట్‌కు లక్షలు పోసి బాగుచేయించేవాణ్ణి మనవాళ్లు కళాహృదయుడంటారు. సెంటర్లో బండి ఆపితే కుర్రాళ్లు సెల్ఫీలకు ఎగబడతారు. అదే పని 50 సీసీ సువేగా మోపెడ్‌కు చేయిస్తున్నందుకు మా వీధిలో నాకొచ్చిన పేరు వేరు. ఎదురింటి రిటైర్డ్ తహసీల్దారు గారు పక్కకు పిలిచి, "ఏమయ్యా, ఇంట్లో అంతా కులాసాయేనా? కారు ఈఎంఐలు గానీ బరువవుతున్నాయా?" అని గొంతు తగ్గించి అడిగారు. మా మేనత్త ఇంకో అడుగు ముందుకేసి, "ఒరే నాన్నా, మొహమాటపడకు. మీ బావ పాత యాక్టివా ఊరికే పడుంది, పట్టుకుపో" అంది.

నిజానికి మా సువేగాది గొప్ప వంశం. ఫ్రాన్సులోని మోటోబెకాన్ కంపెనీ లైసెన్సుతో మోపెడ్స్ ఇండియా వాళ్లు దాన్ని తిరుపతిలో తయారుచేశారు. ఆ ఊరి నుంచి మన ఇళ్లకు వచ్చినవాటిలో లడ్డూ తర్వాత చెప్పుకోవాల్సింది దీన్నే. తర్వాత 1972లో పుణె నుంచి లూనా వచ్చింది. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 దిగింది. ఇద్దరు కూర్చునే మోపెడ్ అని హోసూరు ఇంజనీర్లు మురిసిపోయారు. మనవాళ్లు దాని మీద భార్యనూ, ఇద్దరు పిల్లల్నీ, ఓ యూరియా బస్తానూ ఎక్కించి, ఇంకా చోటుందని బావమరిదిని కూడా పిలిచారు.

చిన్న బండ్లన్నిటికీ ఇదే గతి పట్టిందా అంటే అదీ లేదు. 1973లో వచ్చిన రాజ్‌కపూర్ 'బాబీ' పుణ్యమా అని బుల్లి రాజ్‌దూత్ జీటీఎస్ 'బాబీ బండి' అయి కూర్చుంది. ఇప్పుడు దాని ధర అడిగితే కళ్లు తిరుగుతాయి. మోపెడ్‌కు ఆ యోగం పట్టలేదు. మన సినిమాల్లో అది ఎప్పుడూ హాస్యనటుడి వాటాకే వచ్చింది.

మా సువేగాకు వైద్యం విజయవాడ ఆటోనగర్‌లో ఒక సాయిబు గారు చేస్తున్నారు. సైలెన్సర్ విప్పితే లోపల దశాబ్దాల మసి గడ్డకట్టి ఉంది. టూ స్ట్రోక్ బండి కదా, పెట్రోల్‌లో కలిపిన ఆయిలు కూడా ఇంజన్లోనే కాలాలి. కాలగా మిగిలింది సైలెన్సర్లో కాపురం పెడుతుంది. కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, ఇనప చువ్వతో గీకి దాన్ని ఖాళీ చేయించారు. తర్వాత ఇంజన్లో నిప్పురవ్వ పుట్టడానికి కావాల్సిన సీబీ పాయింట్ల దగ్గరకొచ్చారు. ఆ రెంటి మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. నేను ముచ్చటపడి కొన్న ఫీలర్ గేజీ అందించబోతే ఆయన దానివైపు కూడా చూడకుండా, "శుభలేఖ ఉందా సార్?" అన్నారు. బ్యాగులో ఉన్నది తీసిచ్చాను. రెండు వేళ్ల మధ్య నలిపి చూసి తిరిగిచ్చేశారు. "ఈమధ్య మరీ అట్టల్లా వేయిస్తున్నారు, పాయింట్లకు పనికిరావు. పాతకాలంవి, అంచులకు పసుపు రాసినవి ఉంటే పట్రండి." మా అమ్మ పెట్టెలోంచి ఎవరిదో పాత శుభలేఖ ఒకటి దొరికింది. ఆ దంపతులు ఎక్కడున్నారో గానీ వాళ్ల ముహూర్తబలానికి నా బండిలో నిప్పురవ్వ పుట్టింది.

స్పేర్ల కోసం హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌కు పోతుంటాను. పేరుకు తగ్గట్టు అది గురువారం సంత. గురువారమొస్తే సెలవు చీటీ పెడుతున్నానని మా మేనేజరు నన్ను సాయిబాబా భక్తుడి కింద జమకట్టేశాడు. అక్కడ బేరానికి ఒకటే సూత్రం. 'వింటేజ్' అన్న మాట నోట్లోంచి రాకూడదు. వచ్చిందా, యాభై రూపాయల కార్బురేటర్ అయిదొందలవుతుంది. చేతిలోకి తీసుకుని, "ఇదేంటి భాయ్, మిక్సీదా?" అనాలి. ఆయన జాలిపడి ఇచ్చేస్తాడు.

ఇక చట్టం సంగతి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటిన బండి వింటేజ్ కింద లెక్క. 'వీఏ' అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ప్లేటు ఇస్తారు. కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు. నా బండిని అమ్మి, దాంతోపాటు నన్ను అమ్మినా అంత రాదు. పైగా ఆ బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీ పనులకు వాడకూడదట. సందు చివరి కొట్టు నుంచి కొత్తిమీర కట్ట తేవడం ఏ ప్రదర్శన కిందికి వస్తుందన్నది నా ధర్మసందేహం.

ఇంతా చేసి దాన్ని బయటికి తీస్తే బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కడానికి ఇంజనుకు తోడు మన కాళ్లూ పనిచేయాలి. పెడల్స్ ఉన్నది అందుకే. బుల్లెట్‌వాళ్లు పక్కనుంచి డుగుడుగుమంటూ పోతూ అయ్యోపాపం అన్నట్టు చూస్తారు. చూడనివ్వండి. బుల్లెట్ మీద ఊళ్లోకి వచ్చింది మునసబూ, ఎస్సైగారూ. మోపెడ్ మీద వచ్చింది ఎల్ఐసీ ఏజెంటు, ట్యూషన్ మాస్టారు, పాలక్యాన్ల ఆసామి, చీరల మూటవాడు. మన మధ్యతరగతి బతుకుబండి లాగింది ఈ బక్క ఇంజన్లే. భద్రంగా దాచుకోవాల్సినవి ఏవైనా ఉంటే ముందు ఇవే.

కాబట్టి మీ పెరట్లో మొక్కజొన్న కంకుల బస్తా కింద లూనానో, మెట్ల కింద సువేగానో మూలుగుతుంటే పాత ఇనప సామాన్లవాడికి కిలోల లెక్కన తూచెయ్యకండి. ముందుగా దాని ఆర్సీ పుస్తకం వెతికిపెట్టుకోండి. పిస్టన్ రింగులు ఏ సంతలోనో దొరుకుతాయి, ఆర్సీ మాత్రం దొరకదు. డూప్లికేట్ తీసుకుందామనుకుంటే ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగడానికి ఇంకో బండి కావాలి.