లాన్‌కు రెండు పూటలా తీర్థం

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువాణ్ణి గృహప్రవేశం నాడు సత్యనారాయణ వ్రతంతో పాటు ఇంకో వ్రతం కూడా పట్టుకుంటుంది. దీనికి పురోహితుడు ఉండడు. గరాజ్ గోడకు బిగించిన బూడిదరంగు పెట్టె ఉంటుంది. పాత యజమానో, బిల్డరు పంపిన మనిషో అందులో “రోజూ పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు” అని పెట్టేసి వెళ్ళిపోతాడు. ఇక డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఆ ఇంటిముందు గడ్డికి రెండు పూటలా అభిషేకం తప్పదు. ఎందుకు పది? ఎందుకు రోజూ? అడిగినవాడు లేడు. ఆఫీసులో జూనియర్ రాసిన కోడ్‌లో కారణం లేని అంకె ఒక్కటి కనిపిస్తే మీటింగ్ పెట్టి నిలదీసే ఆర్కిటెక్టు కూడా ఈ పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు.

వేసవిలో గుంటూరు నుంచి నాన్నగారు వస్తారు. రేగడి నేలలో పత్తీ మిరపా పండించిన మనిషి. వంగి ఒక పోచ లాగి, కణుపు చూసి, “ఇది గరిక కదరా” అంటారు. “కాదు నాన్నా, బెర్ముడా. చదరపు అడుగుకింత అని లెక్కగట్టి పరిపించాం.” నాన్నగారే ఒప్పు. వృక్షశాస్త్రంలో రెండూ సైనోడాన్ డాక్టిలానే. లాన్ల కోసం తయారుచేసిన సంకర రకాలకూ తల్లో తండ్రో అదే. పొలంగట్టు మీద చుక్క నీరు పొయ్యకపోయినా పెరిగేది, వేళ్ళతో సహా పీకి అవతల పారేసినా మళ్ళీ చిగురించేది. ఆయన జీవితమంతా ఈ కలుపుతో పోరాడి ఓడిపోయారు. కొడుకు దాన్నే ముప్ఫై ఏళ్ళ అప్పులో కలిపి కొనుక్కుని, అది చచ్చిపోతుందేమోనని బెంగపడుతున్నాడు.

బెంగలో కొంత నిజం ఉంది. చచ్చేటట్టు పెంచుతున్నది తనే కనుక. డాలస్ నేల కూడా నల్లరేగడే. ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది, నీళ్ళు తాగడంలో మహా నిదానం. స్ప్రింక్లర్ వదిలిన కాసేపటికే పైపొర నిండిపోయి, తక్కిన నీళ్ళు కాలిబాట దాటి వీధి కాలవలో పడతాయి. పైన రోజూ తడి ఉంటే వేరు కిందికి ఎందుకు దిగుతుంది? అక్కడే చాపలా అల్లుకుంటుంది. జులై ఎండ నూరు ఫారన్‌హీట్ దాటగానే ఆ పైపొర మధ్యాహ్నానికల్లా ఆరిపోయి గడ్డి సొమ్మసిల్లుతుంది. యజమాని బయటికొచ్చి చూసి, “రోజూ పెడుతున్నా చాలట్లేదండీ” అని పదిని పదిహేను చేస్తాడు. గంటగంటకూ బిస్కెట్లు పెట్టి, పిల్లాడు అన్నం తినడంలేదని డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళే తల్లి నయం.

నాన్నగారికి తెలిసింది ఆరుతడి. తడి ఇస్తే ఆరంగుళాల లోతుకు పదును దిగాలి. తర్వాత ఆరనివ్వాలి. గడ్డి వాడుబట్టే ముందు మళ్ళీ తడి. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం విస్తరణ విభాగం ఎన్నాళ్ళుగానో చెబుతున్నదీ ఇదే, కాకపోతే వాళ్ళు ఇంగ్లీషులో చెబుతారు కాబట్టి కొడుకు ఇంకా చదవలేదు. తడి ఎప్పుడివ్వాలో గడ్డే చెబుతుంది. ఆకు ముడుచుకుని నీలిబూడిద రంగుకు తిరుగుతుంది. నడిచివెళితే అడుగుల జాడ లేవకుండా అలాగే ఉండిపోతుంది. మండువేసవిలోనైనా వానతో కలుపుకుని వారానికి అంగుళం, అటూఇటూగా.

అంగుళానికి ఎన్ని నిమిషాలు? ఆ సంగతి పెట్టెకు తెలియదు. తుంపరలు చిమ్మే స్ప్రే తలలు గంటకు ఒకటిన్నర అంగుళాల దాకా పోస్తాయి. తిరుగుతూ దూరంగా విసిరే రోటర్లు గంటకు అరంగుళం పోస్తే గొప్ప. రెంటికీ ఒకే పది నిమిషాలు పెట్టినవాడి లాన్‌లో ఒక మూల బురద, ఒక మూల బీడు. తేల్చుకోవడానికి ఇంజినీరింగ్ పట్టా అక్కర్లేదు, ఉన్నా అడ్డం కాదు. ఇండియన్ స్టోర్‌లో కొన్న రసగుల్లా డబ్బాలు ఖాళీ అయ్యాక నాలుగైదు అక్కడక్కడా పెట్టి, పావుగంట నీళ్ళు వదిలి, పిల్లల స్కేలుతో కొలిస్తే సరి. రేగడి కాబట్టి ఆ మొత్తాన్నీ ఒకేసారి కాకుండా ఏడెనిమిది నిమిషాల విడతలుగా, మధ్యలో గంట ఆపి ఇవ్వాలి.

అంగుళమేగా అనుకునేరు. నాలుగు వేల చదరపు అడుగుల లాన్‌కు అంగుళం నీరంటే సుమారు 9,400 లీటర్లు. ఏప్రిల్‌లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్ కార్యదర్శి ఫోన్ మీద ఫోన్ చేసి బతిమాలుకునే పెద్ద ట్యాంకరు ఇంచుమించు అంత. అది పద్ధతిగా పెడితే. స్ప్రే తలలతో రోజుకు ఇరవై నిమిషాల వ్రతం నడిస్తే వారానికి మూడున్నర అంగుళాలు, మూడు ట్యాంకర్ల పైచిలుకు. గడ్డి తాగేది ఒకటి, కాలవ తాగేవి రెండున్నర.

ఇక వేళ. మధ్యాహ్నం నీళ్ళు పెడితే గడ్డి మాడుతుందంటారు. గడ్డి మాడదు, పర్సు మాడుతుంది. గాలికీ ఎండకూ పోగా మిగిలిందే నేలకు. సాయంత్రం పెడితే రాత్రంతా ఆకు తడిగా ఉండి బూజు తెగుళ్ళకు విందు. తెల్లవారుజామున గాలి తక్కువ, మంచుతో ఆకు ఎలాగూ తడిసే ఉంటుంది, అదే మంచి వేళ. డాలస్ నగరమైతే ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా పొద్దున 10 నుంచి సాయంత్రం 6 వరకు స్ప్రింక్లర్లు నిషేధించింది. ఏడాదంతా వారానికి రెండు రోజులు మించకూడదంది. ఇది తెలిసినవాళ్ళు ఏం చేస్తారంటే, ఆ రెండు రోజులూ వాయిదాలు కట్టినట్టు ఠంచనుగా పెడతారు, వాన పడుతున్నా సరే.

డాలస్‌కు వాయవ్యాన రెండు మూడు గంటల దూరంలో విచిటా ఫాల్స్ అని ఒక ఊరుంది. 2014లో కరువు ముదిరి, శుద్ధిచేసిన మురుగునీటినే తాగునీటిలో కలిపి కొళాయిలకు ఇచ్చారు అక్కడ. ఇక్కడ మాత్రం తాగే నీటితో సిమెంటు కడుగుతున్నాం. గట్టిగా అడిగితే “హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు జరిమానా వేస్తారండీ” అంటారు. ఆ భయమూ పాతదైపోయింది. నీటి వాడకం మీద ఆంక్షలున్నప్పుడూ, అవి ఎత్తేశాక అరవై రోజుల దాకానూ గడ్డి గోధుమరంగుకు తిరిగిందని సంఘం జరిమానా వెయ్యకుండా 2025లో టెక్సస్ చట్టమే చేసింది. గరిక ఎండిపోవడానికి శాసనసభ అనుమతి!

మంచు పడ్డాక బెర్ముడా ఎలాగూ నిద్రపోతుంది, మార్చి దాకా లేవదు. పెట్టె మాత్రం నిద్రపోదు. జనవరి ఉదయాన ఆ ఇంటిముందు గడ్డకట్టిన బాట మీద పక్కింటాయన జారిపడితే, అప్పుడు స్మార్ట్ కంట్రోలర్ కొంటారు. అది వాతావరణం చూసుకుని, “వాన సూచన ఉంది, ఈ రోజు నీళ్ళు ఆపుతున్నాను” అని ఫోన్‌కు కబురు పంపుతుంది. మనవాడు ఆ కబురు చదివి, ఆకాశం వంక చూసి, ఎందుకైనా మంచిదని పది నిమిషాల మీట నొక్కుతాడు.