పురశ్చక్ర నిదానము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు బోవు పెద్దబాట కిరుప్రక్కలనున్న మెకానిక్కు షెడ్లలో అనుదినము పారాయణ చేయబడుచు, ఇంతదనుక ఏ వ్యాఖ్యాత దృష్టికిని పాత్రముగాని గద్యమొకటి గలదు. దీని కర్త యెవ్వడో తెలియదు గాని, ఒక్కడు కాడనుట నిశ్చయము. బేతంచెర్ల నాపరాళ్లు మోయించువాడును, మంగంపేట ముగ్గురాయి గనులకు మనుషులను జేర్చువాడును, కోవెలకుంట్ల రేగడిచేలనుండి శనగబస్తాలు దెచ్చువాడును దీనిని ఇంచుమించుగా ఒక్క తీరుననే పలుకుదురు. ఇందు నాయిక నాలుగు చక్రములకును ఇంజను బలమందగల బొలెరో క్యాంపరు. 1947లో విల్లీసు జీపులు కూర్చుటతో మోటారు వృత్తిలోనికి దిగి, 2000లో బొలెరోను వెలువరించిన మహీంద్రావారింటి ఆడపడుచగుటచే ఈమె కులగౌరవమును గూర్చి ప్రత్యేకముగా చెప్పనక్కఱలేదు. అంగిరసము భయానకము, ఘాటుదారిలో అది కరుణముగా పరిణమింపకుండ జూచుటయే ఈ టీకకు ప్రయోజనము.

మూలము

"అన్నా, బ్రేకు తొక్కితే బండి ఎడమకు గుంజుతాంది. స్టీరింగు వణుకుతాంది. పోయేకొద్దీ ముందర చక్రం గుర్రుమంటాంది. పూర్తిగా తిప్పితే టకటకమంటాంది. బేరింగే పోయినట్టుంది, మార్చు."

పాఠవిచారము

'గుంజుతాంది' అనుచోట 'లాగుతాంది' అని పాఠాంతరము, అర్థభేదము లేదు. తుది వాక్యము ప్రక్షిప్తము. ఏలయన, తొలి నాలుగు వాక్యములును కంటికి, చెవికి, చేతికి తెలిసినదానిని జెప్పుచుండగా, ఇది ఊహను జెప్పుచున్నది. సాక్షియే తీర్పరి యగుటను ఏ న్యాయశాస్త్రమును అంగీకరింపదు. కావున దీనిని పరిహరించి, తక్కిన నాలుగింటికే వ్యాఖ్య వ్రాయుచున్నాము.

ప్రతిపదార్థము

అన్నా = ఓ మేస్త్రీ! (వయసుతో నిమిత్తములేని సంబోధనము; బిల్లు తగ్గింపుమను ప్రార్థన ఇందు ధ్వని); బ్రేకు తొక్కితే = పాదము పెడలుపై నొత్తగా, ఆ యొత్తిడిని బ్రేకు ఆయిలు గొట్టములవెంట గొనిపోయి క్యాలిపరులోని పిస్టనును ద్రోయగా, ప్యాడ్లు డిస్కును రెండుప్రక్కల బిగియబట్టగా; బండి = పూర్వోక్తమైన క్యాంపరు; ఎడమకు గుంజుతాంది = తిన్నగా బోవలసినది వామభాగమునకు మరలుచున్నది; స్టీరింగు వణుకుతాంది = చేతులలో కంపము పుట్టించుచున్నది; పోయేకొద్దీ = వేగము హెచ్చినకొలది; ముందర చక్రం గుర్రుమంటాంది = ముందు భాగమున ఎడతెగని యొరపుడు ధ్వని కలుగుచున్నది; పూర్తిగా తిప్పితే = స్టీరింగును తుదిమట్టునకు మలచినచో; టకటకమంటాంది = విడివిడిగా, లయబద్ధముగా చప్పుడగుచున్నది.

వ్యాఖ్యానము

ఎడమకు గుంజుట: ఇందు వాచ్యార్థమును మాత్రమే గ్రహించు మందుడు ఎడమచక్రమును విప్పి కూర్చుండును. రెండు ముందు చక్రములలో ఏది గట్టిగా ఆగునో అది బండిని తనవైపునకు ద్రిప్పుకొనును గావున, తొక్కినపుడు మాత్రమే ఎడమకు గుంజుచున్నచో, ఎడమది తన ధర్మమును సక్రమముగా నెఱవేర్చుచుండ, కుడిది సోమరియై యున్నదని శంకింపవలెను. కుడి క్యాలిపరు పిస్టను తుప్పుపట్టి బిగిసియుండవచ్చును. క్యాలిపరు జరుగుటకు ఆధారమైన పిన్నులు రాయలసీమ దుమ్ము మేసి గ్రీజు నెండగొట్టుకొని యుండవచ్చును. లేదా హబ్బు సీలు చెడి, గ్రీజు ప్యాడ్లకంటి, పట్టును హరించియుండవచ్చును. తొక్కకున్నను గుంజుచున్నచో వేఱు మాట: ఎడమ బ్రేకు వదలక పట్టుకొనియైన నుండును, టైర్లలో గాలి యొక్కతీరున లేకయైన నుండును, అలైన్‌మెంటైన తప్పియుండును.

ఇచ్చట పరీక్ష సులభము. కొంతదూరము నడిపి, ఆపి, డిస్కును తాకక, రెండు చక్రముల చెంతను చేయి యుంచి వేడిమిని పోల్చి చూడవలెను. మితిమీరి కాగినది పట్టువదలనిది, చల్లగానున్నది పనిచేయనిది. పట్టువదలని చక్రమును జాకీపై నెత్తి, బ్లీడింగు నిపులును ఒకింత సడలింపగా, ఆయిలు చిమ్మి చక్రము స్వేచ్ఛగా తిరిగెనేని, లోపల వాచి దారి మూసికొన్న రబ్బరు హోసును ముందు శంకింపవలెను. అప్పటికిని తిరుగదేని దోషము పిస్టనుదో, పిన్నులదో. పిమ్మట ఆయిలు నింపి, గాలి వెడలగొట్టుట మఱువరాదు.

స్టీరింగు వణుకుట: ఇది బ్రేకు తొక్కినపుడు మాత్రమేనా, ఎల్లవేళలనా యను విభాగము ప్రధానము. తొక్కినపుడు మాత్రమే యైనచో డిస్కు మందము చుట్టును సమముగా లేదనియైన, అది వంకర తిరుగుచున్నదనియైన నిశ్చయింపవలెను. ఘాటు దిగివచ్చి, బుసకొట్టుచున్న డిస్కులతో వంకనీటిలోనికి బండిని దింపువారు ఈ వ్యాధిని చేజేత కొనితెచ్చుకొందురు. బ్రేకుతో నిమిత్తము లేకయే ఒకానొక వేగమున వణికెనేని, పానా పట్టుటకు ముందు రిమ్ము లోపలిభాగమును చూడవలెను. వానలో రేగడిచేను దాటి వచ్చిన బండికి నల్లమట్టి లోపల ఒకప్రక్క అంటి, యెండి, గట్టిపడి చక్రము తూకమును చెఱచును. ఈ రోగమునకు ఔషధము నాలుగు బిందెల నీరు, దక్షిణ లేదు.

గుర్రుమనుట: బేరింగునకు ఇది సహజ లక్షణమే, కాని బేరింగునకే లక్షణము కాదు. పలకలుగా నరిగిన టైరును అట్లే గొణుగును. ముందు వెనుకల టైర్లు మార్చినపుడు ధ్వనియు స్థానము మారెనేని బేరింగు నిర్దోషి. నడుపుచు కుడికి మలచినపుడు భారము ఎడమచక్రముపై బడును గనుక, అపుడు ధ్వని హెచ్చినచో ఎడమ బేరింగును, ఎడమకు మలచినపుడు హెచ్చినచో కుడి బేరింగును అనుమానింపవలెను. పిదప చక్రము నెత్తి, పైనను క్రిందను పట్టి యూపవలెను. ఆడెనేని, మఱొకనిచే బ్రేకు తొక్కించి మరల నూపవలెను: ఆట మానినచో బేరింగు దోషి, మానకున్నచో బాల్ జాయింటు దోషి. ప్రక్కలను పట్టి యూపగా మాత్రమే యాడునది స్టీరింగు లింకుల దోషము. జాకీ నొక్కదానినే నమ్మి బండిక్రింద దూరినవానికి ఈ శాస్త్రము అక్కఱకు రాదు, క్రింద స్టాండుండవలెను.

టకటకమనుట: మలుపులలో ముందుచక్రములకు బలమందించు ఇరుసు చివరి కీలు అరిగినదనుటకు ఇది చిహ్నము. దానిని గప్పిన రబ్బరు బూటు చినిగి, గ్రీజు బయట చిమ్మినదేమో చూచిన చాలును, సందియము తీరును. అయితే నాలుగుచక్రములకును బలమందు బండియందు ఇంకొక్క విశేషము గలదు. బురదకై వేసిన ఫోర్‌వీలు లివరును తారురోడ్డునకు వచ్చియు దీయనివానికి, మలుపులో ముందు వెనుక చక్రములు వేఱువేఱు దూరములు బోవలసియుండగా ఒక్క బంధమున చిక్కి, స్టీరింగు బిగిసి, టైర్లు ఈడ్చుకొనిపోవును. అతడు దానిని రోగమని తలచి షెడ్డునకు వచ్చును. లివరు దీయుటయే చికిత్స.

పూర్వపక్షము, సిద్ధాంతము

"ఇన్ని పరీక్ష లేల? బేరింగు, డిస్కు, ప్యాడ్లు అన్నియు ఒక్కసారి మార్చిన దోషమెందున్నను పోవును గదా" అని పూర్వపక్షము. సమాధానము: దోషము హోసులో నున్నచో అన్నియు మార్చినను పోదు, పోయినను, ఏది మార్చుటచే పోయినదో తెలియదు. వ్యాఖ్యాతలలో శిరోమణియైన మల్లినాథసూరి మూలమున లేనిదానిని వ్రాయననియు, అపేక్షింపని దానిని పలుకననియు ప్రతిన పూనెను. పరీక్షలో తేలని దోషమునకు మందు వేయకుండుట, అక్కఱలేని సామాను మార్పకుండుట షెడ్డువారికిని అదియే ధర్మము.

విశేషము

కంటికి గనబడని దోషమొకటి మిగిలియున్నది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను మెల్లగా పీల్చుకొనును. క్రొత్తదైన డాట్ 4 రకము 230 డిగ్రీల సెల్సియసు వఱకైనను మరుగరాదు. తేమ పట్టినపిమ్మట ఆ హద్దు 155కు దిగును. రాయచోటినుండి కడపకు దిగు గువ్వలచెరువు ఘాటులో ఎడతెగక బ్రేకుపైననే కాలుంచి వచ్చువానికి ఆ ఆయిలు మరగి, ఆవిరియై, పెడలు అడుగంటును. అట్టి వేళ మంచి బేరింగు ఎవ్వరిని గాపాడును? ఘాటుపై కోవా తినుటకు ఆగు ప్రతివాడును, పొట్లము కట్టించుకొనులోపల, పెడలును రెండుమాఱులు తొక్కి, అది గట్టిగానున్నదో లేదో చూచుకొని, చిన్న గేరులో దిగవలెను.

తాత్పర్యము

ఓ మేస్త్రీ! తొక్కినపుడు ఎడమకు లాగుటచే కుడి బ్రేకును, తొక్కినపుడు వణకుటచే డిస్కును, మలుపులో హెచ్చు గుర్రుచే బేరింగును, తుదిమలుపులోని టకటకచే ఇరుసు కీలును అనుమానించి, ఒక్కొక్కదానిని వేఱువేఱుగా పరీక్షించి, తేలినదానిని మాత్రమే మార్పుము అని భావము. నాలుగు లక్షణములకు ఒక్కటే కారణమనుకొనుట భ్రాంతి.

ఫలశ్రుతి

దీనిని చదివినవానికి బండి బాగగునని మేము చెప్పజాలము. చక్రము నెత్తి చూచినవానికి మాత్రమే బాగగును. కావున బండిగల సోదరులారా, షెడ్డునకు బోయినపుడు మీకు కనిపించినది, వినిపించినది మాత్రమే చెప్పుడు. బేరింగు పేరు మీ నోట రానీయకుడు. రెండేండ్ల కొకమాఱు బ్రేకు ఆయిలు మార్పించుడు.