పాత పిల్లర్లు, కొత్త పథకం

సర్కారు బడి ఆవరణలో అనుకున్న తేదీకి, నాణ్యతలో రాజీ లేకుండా పూర్తయ్యే కట్టడం ఒక్కటే: శిలాఫలకం. నల్ల గ్రానైటు, బంగారు రంగు అక్షరాలు, ప్రోటోకాల్ ప్రకారం పేర్లు. ఆ వరసలో ఎమ్మెల్యే గారి పేరు ఒక మెట్టు కిందికి జారితే ఎవరో ఒకరు సస్పెండవుతారు. తరగతి గది పైకప్పు పెచ్చులూడితే మాత్రం విచారణ కమిటీ పడుతుంది.

పథకాలకేం కొదవ? 1987లో ఢిల్లీవాళ్లు ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అన్నారు. బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు పంతుళ్లు. పాపం, ఆశ చిన్నదే. 2019 నవంబరు 14న ఒంగోలులో నాడు-నేడు మొదలైంది. తొలి దశలో 15,715 బడులు, వాటిలో చాలావరకు నిజంగానే బాగుపడ్డాయి, కాదనకూడదు. రెండో దశ చాలాచోట్ల ఎన్నికల దాకా నడిచి కూలబడింది. తెలంగాణ 2022 మార్చిలో వనపర్తిలో 'మన ఊరు-మన బడి'కి కొబ్బరికాయ కొట్టింది. 7,289 కోట్లు, 26 వేల పైచిలుకు బడులు. ప్రభుత్వం మారాక అమ్మ ఆదర్శ పాఠశాలలు వచ్చాయి. 2024 అక్టోబరులో యంగ్ ఇండియా గురుకులాలకు కొందుర్గులో భూమిపూజ జరిగింది. ఒక్కో బడికి పాతిక ఎకరాల దాకా స్థలమట. మన ఊరి బడికి మరుగుదొడ్డి పట్టేంత చోటు దొరకదు గానీ, కలలకు స్థలాభావం ఉండదు.

ఈలోగా బిల్లులు పడక కాంట్రాక్టర్లు తరగతి గదులకు తాళాలేసిన వార్తలూ చదివాం. కొన్నిచోట్ల పని చేయించింది బడి కమిటీ చైర్మనే. అంటే ఆ పిల్లల్లోనే ఒకరి నాన్న. వడ్డీకి తెచ్చి సిమెంటు కొన్నవాడు తాళం వేయక ఏం చేస్తాడు? కూతురు వరండాలో ఎక్కాలు చదువుకుంటుంది.

అలాంటి ఒక బడిలో హెచ్చెమ్ గారికీ ఇంజినీరు గారికీ జరిగి ఉండగల సంభాషణ:

"సార్, పిల్లర్లు లేచి రెండేళ్లయింది. స్లాబు ఎప్పుడు వేస్తారు?"

"ఆ పథకం ఇప్పుడు లేదు కదా మేడమ్."

"పిల్లర్లు ఉన్నాయి కదండీ."

"అవి పాత పథకం పిల్లర్లు. వాటి మీద కొత్త పథకం స్లాబు వేస్తే ఆడిట్‌వాళ్లు నా పింఛను మీద పడతారు. పక్కన కొత్తవి వేసుకుందాం."

"పక్కన స్థలం లేదండీ. శిలాఫలకాలున్నాయి."

"వాటి జోలికి పోవద్దు."

"మరి ఈ పిల్లర్లు?"

"రంగు వేయిస్తాం మేడమ్. ఏ రంగో ఇంకా జీవో రాలేదు."