పట్టు విడువని ప్రభువులకు

ఒక్క సన్నని తీగతో నెట్టు, ఫోను, టీవీ మూడింటినీ మా ఇంట ప్రతిష్ఠించినవారు, ప్రతిష్ఠించిన ఆ మూడింటినీ ఒక్క క్షణంలో ఒకేసారి ఉపసంహరించగల సమవర్తులు, రమ్మన్నప్పుడు వాయువేగులు, పొమ్మన్నప్పుడు మేరుధీరులు, 18 శాతం జీఎస్టీతో కలిపి మా సంపాదనలో పాలుపంచుకొనే ఆత్మబంధువులు, అశోక్‌నగర్ చిక్కడపల్లి నారాయణగూడ త్రిపురాధీశ్వరులు అయిన ప్రభువులవారికి ఈ గృహస్థు సాష్టాంగ నమస్కారాలు. తమ దివ్యనామం ఇక్కడ ఉచ్చరించను. పేరు చెప్పకుండా గుణాలు మాత్రమే చెబితే ఈ మూడు పేటల్లోనూ ఎవరికి వారు ఇది తమ ప్రభువు సంగతే అనుకుంటారు. అంతటి సర్వవ్యాపకత్వాన్ని ఒక్క నామానికి కుదించడం అపచారం.

తమ రాకడను ముందు కీర్తించాలి. పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా కుర్రవాడు నిచ్చెనతో వచ్చాడు. వీధి స్తంభం మీది తీగల గుత్తిలోంచి లైను లాగి, రెండో అంతస్తు కిటికీ చట్రం పక్కన డ్రిల్లుతో బొక్క పెట్టి, తెల్లని పెట్టె గోడకు బిగించి, ‘సార్, ఓటీపీ చెప్పండి, ఫైవ్ స్టార్ రేటింగ్ ఇవ్వండి’ అన్నాడు. ఆ కుర్రవాడి పనితనంలో వంక పెట్టడానికేమీ లేదు. వంక లేని ఆ ఒక్క మనిషినీ మళ్ళీ మా కంట పడనివ్వకపోవడం తమ నిర్వహణ కౌశలం. ఏడాదికి ఒకేసారి కడితే రౌటరు ఉచితం, బిగింపు ఉచితం, పైగా రెండు నెలలు కొసరు అని కూడా తమరు సెలవిచ్చారు. ఏడాది పైకం ముందే ఖజానాలో పడ్డాక ఇక తమరు చేసేదంతా నిష్కామకర్మే. ఫలాపేక్ష లేనివాడు యోగి అన్నారు పెద్దలు. ఫలం ముందుగానే చేతికంది, కర్మను కూడా విడిచిపెట్టగలిగినవాడు ఎంతటి యోగి కావాలి!

ఆ తెల్లని పెట్టె మీద ఎల్‌ఓఎస్ అన్న అక్షరాల దగ్గర ఒక చిన్న దీపం ఉంటుంది. తీగలో వెలుగు ఆగిపోతే అది ఎర్రగా మిణుకుమంటుంది. మా ఇంట్లో దేవుడి దగ్గర దీపం కొండెక్కిన రోజులున్నాయి గాని, ఈ ఎర్రదీపం మాత్రం అఖండం. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ముందు మంగళవాద్యాలు, ఆపైన కొత్త ప్లాన్ల పురాణశ్రవణం, ఆ తరువాత అతి మృదువుగా ‘రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్’ అన్న మంత్రోపదేశం, చివరగా ‘ఏరియా డౌన్ ఉంది, టికెట్ రైజ్ చేశాం, నాలుగు గంటల్లో వచ్చేస్తుంది’ అన్న అభయం. ఆ నాలుగు గంటలూ గడవకముందే ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మెసేజ్ వస్తుంది. దీపం ఎర్రగానే ఉంటుంది. కార్యం మొదలు కాకముందే కార్యసిద్ధిని ప్రకటించడం త్రికాలజ్ఞులకు తప్ప ఎవరికి సాధ్యం? ఇక నెట్టు నడిచే రోజుల్లో తమ వినయం మరీ ముచ్చటైనది. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఒకప్పుడు 512 కేబీపీఎస్ వేగం చాలు. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం దాన్ని కనీసం 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. కరపత్రంలో 100 అని అచ్చువేయించి కూడా, రాత్రి తొమ్మిది దాటాక ఆ కనీసపు గడప దగ్గరికి తలవంచుకొని దిగివచ్చే నిగర్వులు తమరు.

ఈ వినయానికి మొదటి లబ్ధిదారులు అశోక్‌నగర్ పిల్లలు. గ్రూప్స్ అనీ సివిల్స్ అనీ జిల్లాల నుంచి వచ్చి, ఒక గదిలో నలుగురు సర్దుకొని, నాన్న పంపిన డబ్బులో ఇంత హాస్టల్‌కిచ్చి, ఆ హాస్టల్ వైఫై ఒక్కటే నమ్ముకొని రాత్రిళ్ళు క్లాసులు వినేవాళ్ళు. మాక్ టెస్టు సగంలో ఉండగా తమరు అంతర్ధానమవుతారు. తెర మీద గడియారం ఆగుతుందా, ఆగదు. ఉన్న సమయం చాలకపోయినా చెదరకుండా ఉండటం ఏ కోచింగ్ సెంటరూ నేర్పని విద్య, అది తమరు ఉచితంగా నేర్పుతున్నారు. ఎర్రదీపం తెల్లవారేదాకా వెలిగితే ఆ పిల్లలే పుస్తకాలు చంకన పెట్టుకొని చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడుస్తారు. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు గారూ వారి మిత్రులూ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించి, ఈ నగరంలో తెలుగువారిని పుస్తకం వైపు మళ్ళించడానికి ఎంత శ్రమపడ్డారో! చందాలు లేవు, సభలు లేవు, ఉపన్యాసాలు లేవు. ఒక్క తీగను తెగినచోట తెగినట్టే వదిలేసి తమరు ఆ గ్రంథాలయోద్యమాన్ని కొనసాగిస్తున్నారు.

అయితే ఇప్పటిదాకా పాడింది తమ మహిమలో పదోవంతు కాదు. తమ విశ్వరూపం వెళ్ళిపోతామన్నవాడికే దర్శనమిస్తుంది.

చేతిలోని ఫోనుకు ఈ దర్శనభాగ్యం లేదు. 2011 జనవరి 20న నంబర్ పోర్టబిలిటీ దేశమంతటికీ వచ్చిన దగ్గర్నుంచి అక్కడ బంధాలు పలచబడిపోయాయి. పోర్ట్ అని కొట్టి, పక్కన నంబరు వేసి, 1900కు మెసేజ్ పెడితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులు చెల్లుతుంది. దాన్ని కొత్త కంపెనీకిస్తే, ఒకే సర్కిల్‌లో అయితే మూడు పనిదినాల్లో, అదే నంబరుతో గడప మారిపోవచ్చు. పాతవారికి కారణం చెప్పనక్కర్లేదు, బతిమాలనక్కర్లేదు. అనుబంధాలను ఇంత సులువుగా తెంచే సౌకర్యం ఇంటి తీగ దరిదాపులకు రాకుండా ఉన్నందుకు తమకెంత ఊరటో మేము ఊహించగలం. పైగా ఆ ఒక్క తీగలో నెట్టు, ఫోను, టీవీ మూడూ కలిపి తమరు వేసిన బ్రహ్మముడి ఎటువంటిదంటే, నెట్టు మీద విసిగినవాడు టీవీనీ వదులుకోవాలి, టీవీ మీద విసిగినవాడు ఫోన్ నంబరునూ వదులుకోవాలి. గజేంద్రుడి కాలు పట్టిన మకరిది వెయ్యేళ్ళ పట్టు అని పొగుడుతారు గాని, దాని మీదికి చివరకు చక్రం వచ్చిపడింది.

తమ యాప్‌లో కొత్త కనెక్షన్‌కు మొదటి పేజీలోనే మీట ఉంది. కనెక్షన్ తీసేయడానికి మీట లేదు, ఫోన్ చేయాలి. చేస్తే రిటెన్షన్ టీం అనబడే అంతరంగికుల దగ్గరికి పంపుతారు. వారి గొంతులో ఎంత ఆర్ద్రత! ‘ఎందుకు సార్ వెళ్ళిపోతున్నారు, మా వల్ల ఏం పొరపాటు జరిగింది’ అంటారు. నెలల తరబడి టికెట్లలో మేము విన్నవించిందంతా వారు మొదటిసారి విన్నంత స్వచ్ఛంగా వింటారు. విని, అదే ధరకు రెట్టింపు వేగం, మూడు నెలలు ఉచితం అంటారు. ఆ ప్లాను తమ కరపత్రంలో లేదు, యాప్‌లో లేదు, నోరెత్తకుండా ఏటేటా కడుతున్న పక్కింటివారికి తెలియనే తెలియదు. విధేయులకు లోభం అంటకుండా దాచి, విసిగి వేసారినవాడికి మాత్రమే పెట్టె తెరిచే ఈ ఔదార్యం కర్ణుడిలో కూడా లేదు. ఆయన అడిగినవాడికల్లా ఇచ్చి పోగొట్టుకున్నాడు.

అయినా వెళతామన్న మొండివాడికి వస్తువుల అప్పగింత ఘట్టం. రౌటరు, అడాప్టరు, సెట్‌టాప్ బాక్సు, రిమోటు తీసుకెళ్ళడానికి మనిషి వస్తాడంటారు. రాడు. మేమే ఆఫీసుకు తెచ్చి ఇస్తామంటే ‘ఇక్కడ తీసుకోం సార్, పికప్ రిక్వెస్ట్ పెట్టండి’ అంటారు. పెడతాం. ఆ మనిషి రాని రోజులకు కూడా అద్దె లెక్క నడుస్తుంది, బకాయి ఉందని మెసేజ్ వస్తుంది. మిగిలిన నెలల పైకం సంగతి అడిగితే, సంతకం పెట్టించుకున్న కాగితంలో చీమ తలకాయంత అక్షరాలతో తమరు ముందే రాసి ఉంచిన ధర్మసూక్ష్మం చూపిస్తారు. ప్రాప్తం ఉంటే వస్తుంది, లేకపోతే లేదన్న వేదాంతం ఇంత చవగ్గా మరెక్కడా బోధపడదు.

మా పెద్దమ్మది నారాయణగూడ, మెల్కోటే పార్కుకు దగ్గర్లో పాత ఇల్లు. నగరంలో ఏడంకెల నంబర్ల ముందు రెండు చేరి ఎనిమిదంకెలు కాకముందు నుంచీ ఆమెకు ఆ ల్యాండ్‌లైన్ ఉంది. గ్యాస్ పుస్తకం మీద ఆ నంబరే, బ్యాంకు పాసుబుక్కులో ఆ నంబరే, పిల్లల పెళ్ళి శుభలేఖల మీద అచ్చయిందీ అదే. కొడుకు వేరే కంపెనీ నెట్టు పెట్టిస్తానంటాడు. కంపెనీ మారితే నంబరు పోతుంది. చేతి ఫోనుకున్న పోర్టబిలిటీ ల్యాండ్‌లైనుకు మన దేశంలో లేదు. ‘ఈ నంబరుకే కద బిడ్డా అందరు ఫోన్ జేసేది, ఇది మారిస్తె నేను లేననుకుంటరు’ అంటుంది పెద్దమ్మ. అందుకని నెట్టు రాకపోయినా, రిసీవర్‌లో గరగర తప్ప మాట వినపడకపోయినా బిల్లు తప్పకుండా కడుతోంది. ఏ సేవా చేయకుండా, ఎవరినీ పంపకుండా, కేవలం ఎనిమిది అంకెలతో ఒక వృద్ధురాలిని ఇంతటి నిష్ఠలో నిలబెట్టిన ప్రభువులు ఇంకొకరుంటే చూపించమనండి. ఆమె నంబరు ఆమెదేనని రేపు ఎవరైనా చట్టం చేస్తే ఆ నిష్ఠ ఏమైపోతుందో తలచుకుంటేనే గుండె తరుక్కుపోతుంది.

టీవీ మహిమ క్లుప్తంగా మనవి చేస్తాను. 2019 ఫిబ్రవరి 1 నుంచి చూసే చానెళ్ళకే డబ్బు కట్టండి అన్నారు, 100 చానెళ్ళకు 130 రూపాయలు, పైన జీఎస్టీ అన్నారు. ఆ లెక్క తేలక మేము చివరకు తమ ప్యాకుల శరణు చొచ్చాం. అడిగినవి అయిదారు, ఇచ్చినవి కోకొల్లలు, అందులో మాకు రాని భాషలు కూడా ఉన్నాయి. కంపెనీ మారినప్పుడల్లా బాక్సు పనికిరాకుండా పోతుంది. ఏ బాక్సైనా ఏ కంపెనీకైనా పనిచేసేలా ఉండాలని 2020 ఏప్రిల్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది. ఆ మాట తమ ఏకాగ్రతను చెదరగొట్టలేదు. మా అటక మీద తమ పూర్వప్రభువుల బాక్సులు దుమ్ము పట్టి ఉన్నాయి, మేడ మీది తుప్పు డిష్‌కు దండెం కట్టుకున్నాం.

మా వీధి మొగలో స్తంభం తమ కీర్తిస్తంభం. నల్లటి తీగలు చుట్టలు చుట్టలుగా చేతికందే ఎత్తున వేలాడుతుంటాయి. ఏది బతికున్నదో, ఏది ఏనాడో చచ్చినదో లైను లాగినవాడికీ తెలియదు, ఎందుకంటే కనెక్షన్ తీసేసినా తీగ తీసేసే అలవాటు తమకు లేదు. 2025 ఆగస్టులో రామంతపూర్‌లో కృష్ణాష్టమి రథం ఊరేగింపులో కరెంటు తగిలి అయిదుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తరువాత విద్యుత్ పంపిణీ సంస్థ నగరంలో స్తంభాల మీది కేబుళ్ళు కోయించడం మొదలుపెట్టింది, పేటలకు పేటలు నెట్టు పోయింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఆ రోజుల్లో తమ నుంచి మాకు వచ్చిన సందేశంలో ఆ అయిదుగురి ఊసు లేదు, చచ్చిన తీగల ఊసు లేదు; ‘మా అదుపులో లేని కారణాల వల్ల’ అని మాత్రం ఉంది. తమ తీగ తమ అదుపులో లేదని ఇంత బాహాటంగా ఒప్పుకొనే సత్యసంధత హరిశ్చంద్రుడి తరువాత తమకే చెల్లింది.

బ్రిటన్ ప్రజల మీద జాలి వేస్తుంది. అక్కడ 2024 సెప్టెంబరు 12 నుంచి ‘వన్ టచ్ స్విచ్’ అనే పద్ధతి పెట్టారు. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ మారదలచినవాడు కొత్త కంపెనీతో చెబితే చాలు, పాత కంపెనీతో తేల్చుకోవడం కొత్తవారి పని. వారికి రిటెన్షన్ టీం ఆర్ద్రత తెలియదు, పికప్ మనిషి కోసం ఎదురుచూసే విరహం తెలియదు. మన ట్రాయ్ వారు అంత కఠినులు కారు. 2012 నాటి వారి నిబంధనల ప్రకారం ఫిర్యాదుకు ముందు డాకెట్ నంబరు, తృప్తి లేకపోతే అప్పీలు, ఆ అప్పీలు తేల్చడానికి 39 రోజులు. వినేది తమ సంస్థలోని అప్పీలు అధికారే. తమ మీద వచ్చిన ఫిర్యాదును తమరే విని, తమరే తీర్పు చెప్పుకొనే ఆత్మవిచారం మహర్షులకు కూడా కష్టసాధ్యం.

సాటి భక్తులకు మనవి. ప్రభువుల సన్నిధి విడవదలిస్తే కొత్త లైను వచ్చి వారం రోజులు నడిచాకనే పాతదానికి సెలవు చెప్పండి. ఏడాది పైకం ఒకేసారి సమర్పించే మహాపూజ మాని నెలనెలా చిన్న అర్చన చేసుకోండి. పెట్టె అప్పగించేటప్పుడు దాని సీరియల్ నంబరు ఫొటో తీసి, సంతకంతో రసీదు పుచ్చుకోండి, డాకెట్ నంబరు రాసి పెట్టుకోండి. ఇంతటి కీర్తిని మన మూడు పేటల్లోనే దాచుకోవడం భావ్యం కాదు గనక, 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వారికి కూడా వినిపించండి.