చవక టికెట్టు శాస్త్రం

పండగ సెలవుల్లో కొబ్బరిచెట్ల దీవికి చవకగా విమాన టికెట్టు దొరుకుతుందన్నది ఈ కాలపు గట్టి నమ్మకాల్లో ఒకటి. దానికి గురువులున్నారు, సూత్రాలున్నాయి, ముహూర్తాలు కూడా ఉన్నాయి. లేనిదల్లా టికెట్టే.

ఈ శాస్త్రం నిగ్గు తేలాలంటే కువైట్‌లోని సల్వాకు రావాలి. హవల్లీ గవర్నరేట్‌లో రుమైథియా, మిష్రిఫ్‌ల పక్కన, సముద్రం ఒడ్డున ఉన్న పేట ఇది. వీధుల నిండా విల్లాలు. విల్లాలో యజమాని కుటుంబంతో పాటు వంటమనిషి, పిల్లల్ని చూసుకునే మనిషి, డ్రైవరు ఉంటారు. వాళ్లలో రాయచోటి, రాజంపేట వైపు వాళ్లూ ఉంటారు, కోనసీమ వాళ్లూ ఉంటారు. అలా ఒకే ప్రహరీ లోపల రెండు రకాల ద్వీప యాత్రికులు తయారయ్యారు. సెలవులు దగ్గరపడితే మేడ మీద మాల్దీవులకు టికెట్టు వెతుకుతారు, వంటింట్లో అమలాపురానికి వెతుకుతారు. ఇద్దరి చేతుల్లోనూ ఫోనే, ఇద్దరికీ అందే సలహాలూ అవే.

కోనసీమ కూడా దీవేనా అని ముక్కు విరిచేవాళ్లు ఒకసారి పటం తీసి చూడాలి. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వశిష్ఠ, మూడో పక్క బంగాళాఖాతం. గోదావరి పాయ దాటకుండా నేల మీద నడిచి అందులో అడుగుపెట్టడం ఎవరివల్లా కాదు. భూమధ్యరేఖకు 16 డిగ్రీల పైచిలుకు ఉత్తరంగా ఉంది గనక నికార్సయిన ఉష్ణమండలం. కొబ్బరికి కొదవ లేదు. 2022లో జిల్లా కూడా అయింది. ట్రావెల్ ఏజెన్సీల అద్దాల మీద దీని బొమ్మ కనిపించకపోవడానికి ఒకటే కారణం ఉండాలి: నీళ్లు నీలంగా ఉండవు, వరదలొస్తే ఎర్రగా కూడా ఉంటాయి.

నిజానికి సల్వాకు అందుబాటులో విమానమే అక్కర్లేని దీవులున్నాయి. కువైట్‌కు సొంతంగా తొమ్మిది. ఫైలకాలో అలెగ్జాండర్ తర్వాతి కాలపు గ్రీకుల కోట శిథిలాలున్నాయి. 1990లో ఇరాక్ దాడితో అక్కడి జనం ఊరు విడిచారు. కుబ్బర్‌లో ఇసుక, పగడాలు, సముద్రపు పక్షులు తప్ప పెద్దగా ఏమీ లేదు. అయితే ఇవి కర్కటరేఖకు బాగా ఎగువన ఉన్నాయి, కువైట్ వేసవి సంగతి చెప్పనక్కర్లేదు. ఎడారిలోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదయ్యాయి. చవక పండితులు ఈ దీవుల జోలికి పోకపోవడం వాళ్లు చూపిన అరుదైన వివేకం.

ఇక సూత్రాల్లో అగ్రతాంబూలం మంగళవారం అర్ధరాత్రిది. ఆ వేళకు కొంటే ధర పాతాళంలో ఉంటుందట. దీని పుట్టుక అమెరికాలో. ఒక విమాన సంస్థ సోమవారం సాయంత్రం తగ్గింపు ప్రకటిస్తే మిగతావి మంగళవారం కల్లా పోటీగా తగ్గించేవి. ధరల పట్టికలు రోజుకు కొన్నిసార్లే మారే రోజుల నాటి ముచ్చట అది. ఇప్పుడు యంత్రాలు పగలూ రాత్రీ ధరలు మారుస్తూనే ఉంటాయి, వాటికి వారాలూ వర్జ్యాలూ తెలియవు. సూత్రం మాత్రం సముద్రాలు దాటి సల్వా వంటింట్లో స్థిరపడింది. దివానియాకు, అంటే యజమాని స్నేహితులు చేరే ముందుగదికి వచ్చిన అతిథులు లేచేసరికి పన్నెండు దాటుతుంది. టీ తాగిన ఇస్తికానా గ్లాసులు కడిగి బోర్లించి, చెయ్యి తుడుచుకుని, బియ్యం బస్తాకు ఫోను ఆనించి చూస్తే హైదరాబాదు టికెట్టు సాయంత్రం కంటే ఎనిమిది దీనార్లు ఎక్కువే చూపిస్తుంది. పండితుణ్ణి అడిగితే, అది మన మంగళవారం కాదు, వాళ్ల మంగళవారం అంటాడు.

రెండో సూత్రం గుప్త విద్య. ఫోనులో రహస్య కిటికీ తెరిచి వెతకాలి, పాత ఆనవాళ్లన్నీ తుడిచెయ్యాలి, లేకపోతే విమాన సంస్థ మన ఆత్రాన్ని పసిగట్టి ధర పెంచేస్తుంది అంటారు. బజారులో బేరానికి ముందు ముఖంలో ఇష్టం కనపడనివ్వకూడదన్న పాత తెలివే ఇది, కాకపోతే అవతల ముఖం చూసేవాడు లేడు. ధర మారేది వేరే కారణంతో: ఒకే విమానంలోని సీట్లు రకరకాల ధరల్లో ఉంటాయి. ఒక్కో ధరకు ఇంగ్లీషు అక్షరం ఒకటి, ఆ అక్షరానికి ఇన్ని సీట్లని కేటాయింపు. కింది అక్షరం సీట్లు అయిపోగానే అమ్మకం పై అక్షరానికి ఎక్కుతుంది. మొదటిసారి చూసిన ధర రెండోసారికి పెరిగిందంటే మధ్యలో ఇంకెవరో కొని ఉండాలి, లేదా మొదట కనిపించింది గంట కిందటి పాత ధరై ఉండాలి. పండగ రోజుల్లో ఆ ఇంకెవరో పక్క విల్లా డ్రైవరే అయినా ఆశ్చర్యం లేదు.

ఈ అక్షరాల పద్ధతి ఎలా వచ్చిందో తెలిస్తే శాస్త్రంలో సగం తనంతట తానే కూలిపోతుంది. అమెరికాలో 1978లో విమాన ఛార్జీల మీద ప్రభుత్వ అదుపు తీసేశాక పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త సంస్థ కారుచవకగా జనాన్ని తిప్పడం మొదలుపెట్టింది. దాన్ని దెబ్బకొట్టడానికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1985 జనవరిలో ఓ ఉపాయం పన్నింది. ఏ విమానంలో ఎన్ని సీట్లు ఖాళీగా పోతాయో కంప్యూటర్లతో ముందే అంచనా కట్టి, ఆ మిగులు సీట్లను మాత్రమే, చాలా రోజుల ముందే కొనాలన్న షరతుతో, తెగ్గోసి అమ్మింది. అవసరం మీద చివర్లో వచ్చేవాడి దగ్గర మామూలు ధరే వసూలు చేసింది. రెండేళ్లలో పీపుల్ ఎక్స్‌ప్రెస్ ఇంకో కంపెనీలో కలిసిపోయి పేరే లేకుండా పోయింది, ఆ ఉపాయం మాత్రం ప్రపంచమంతా పాకింది. అంటే చవక టికెట్టు ప్రయాణికుడి మీద జాలితో పుట్టలేదు. ఖాళీగా పోయే సీటుకు పెట్టిన ధర అది. ఈద్ సెలవుల్లో, బడులు మూసిన జూన్ నెలాఖరులో, సంక్రాంతి ముందు వారంలో కువైట్ విమానంలో ఖాళీ సీటు ఉండదు. లేని సీటుకు తగ్గింపు ఎవరిస్తారు?

ఖాళీ సీటు ఎందుకు ఉండదన్న దానికి లెక్క ఉంది, అది ఏ సలహాదారు నోటా వినపడదు. రెండు దేశాల మధ్య విమానాలు ఎవరిష్టం వచ్చినన్ని నడపడానికి లేదు. ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుని సీట్లు పంచుకుంటాయి. భారత్, కువైట్‌ల మధ్య 2007లో ఆ వాటా వారానికి చెరో 12,000గా ఖరారైంది. 2025 జూలైలో దాన్ని 18,000కు పెంచేదాకా పద్దెనిమిదేళ్లు అదే అంకె. కువైట్‌లో భారతీయులు సుమారు 10 లక్షలు. రెండు వైపులా చివరి సీటు దాకా నింపి నడిపినా పాత వాటాలో వారానికి 24,000 మంది. అందర్నీ ఒక్కసారి ఇంటికి చేర్చాలంటే 41 వారాలు దాటిపోయేది. కొత్త వాటాలో దాదాపు 28 వారాలు. వేసవి సెలవులు మహా అయితే రెండు మూడు నెలలు. అందరూ ఏటా వెళ్లరు గనక బండి నడుస్తోంది. ఎందుకు వెళ్లరన్నదానికి జవాబులో ఈ అంకెలకూ భాగముంది. ఫోనులో ఆనవాళ్లు ఎంతసేపు తుడిచినా ఈ లెక్క చెరగదు.

అయినా శాస్త్రం ఓడిపోదు. దాని బ్రహ్మాస్త్రం ఇంకా ఉంది: తేదీలు అటూ ఇటూ జరుపుకోండి. ఈద్‌కు రెండు వారాల ముందు వెళ్లండి, లేదా అక్టోబరులో వెళ్లండి, సగానికి సగం తగ్గుతుంది. ఇది మాత్రం నిజం. సూత్రాలన్నిటిలోకీ నిజమైనది ఇదొక్కటే, సల్వాలో పనికిరానిదీ ఇదే. మేడ మీది కుటుంబానికి తేదీ బడి చెబుతుంది, ఆఫీసు చెబుతుంది. ఈద్ ఎప్పుడో నెలవంక చెబుతుంది. వంటింటి మనిషికి తేదీ మేడ మీది కుటుంబం చెబుతుంది. వాళ్లు మాల్దీవులకు వెళ్లే పది రోజులే ఆ ఇంట్లో వంట అక్కర్లేని రోజులు, కాబట్టి రెండేళ్లకోసారి ఊరికి పంపేది కూడా అప్పుడే. అంటే అందరూ ఎగిరే రోజే ఆమె కూడా ఎగరాలి. ఇంటి పనివాళ్ల కోసం కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం వారానికో రోజు విశ్రాంతి, ఏటా జీతంతో సెలవు ఇవ్వాలంటుంది. పాసుపోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని కూడా అంటుంది. చాలా పాసుపోర్టులు ఆ మాట వినకుండా, పనివాళ్లు మామా అని పిలిచే యజమానురాలి బీరువాలోనే ఉంటాయి. కంపెనీ వీసా వాళ్లు తాము మెరుగనుకుంటే, ప్రైవేటు ఉద్యోగులకిచ్చే 18వ ఆర్టికల్ అకామా (నివాస అనుమతి) ఉన్నవాళ్లకు దేశం దాటడానికి యజమాని అనుమతి తప్పనిసరని 2025 జూలై 1 నుంచి నిబంధన వచ్చింది. తేదీ జరుపుకోమనే పండితుడు ఈ అనుమతి ఏ ముహూర్తంలో చవకో చెప్పలేదు.

మధ్యలో ఆగి వెళ్లే టికెట్టు ఇంకో ఆకర్షణ. షార్జాలో అయిదు గంటలు, మస్కట్‌లో ఏడు గంటలు, కొలంబోలో రాత్రంతా. ఈ మూడోది తలుచుకోదగ్గది. కువైట్ నుంచి హైదరాబాదుకు కొలంబో మీదుగా వచ్చే మనిషి అసలైన ఉష్ణమండల ద్వీపంలోనే దిగుతుంది. కట్టునాయక విమానాశ్రయంలో ఇనప కుర్చీలో, హ్యాండ్‌బ్యాగు పట్టీ చేతికి చుట్టుకుని, ఆ ద్వీపాన్ని గాజుతలుపు ఇవతలి నుంచి తెల్లార్లూ చూస్తుంది. ప్రకటనల్లో దీన్ని అదనపు సౌకర్యంగా ఎందుకు చెప్పరో అర్థం కాదు.

సామాను సంగతి వేరే చెప్పాలి. తెర మీద అతి తక్కువగా కనపడే ధరలో తరచుగా చేతిసంచి మాత్రమే ఉంటుంది, ఏడు కిలోలు. గల్ఫ్ నుంచి ఇంటికి పోయే మనిషికి ఏడు కిలోలు చూపించడం పెళ్లిభోజనంలో విస్తరాకు ఒక్కటే వేసి లేపెయ్యడం లాంటిది. రెండేళ్ల కాలం ఒక అట్టపెట్టెలో ఇమడాలి: పాలపొడి డబ్బాలు, ట్యాంగ్, టైగర్ బామ్, ఖర్జూరం, సబ్బులు, అత్తరు, రగ్గు. రగ్గును మడత పెట్టి మీద మోకాలు ఆనించి ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు టేపు చుడతారు. తర్వాత ప్లాస్టిక్ తాడు నిలువుగా రెండు, అడ్డంగా రెండు. కొక్కెం తగిలించి ఎత్తే చేతికాటాలో ముప్ఫై ఒకటి పాయింట్ నాలుగు చూపిస్తే మళ్లీ విప్పి సబ్బులు తీస్తారు. చివరికి మార్కరుతో నాలుగు వైపులా పేరు, ఊరు రాస్తారు. సామానుకు విడిగా కట్టేసరికి చవక టికెట్టు మామూలు టికెట్టును దాటి ముందుకు పోతుంది.

మేడ మీది వాళ్ల చవకకూ పెద్ద తేడా లేదు. మాలేకు టికెట్టు దొరికిందని మురిసి దిగితే రిసార్టు ఇంకో దీవిలో ఉంటుంది. అక్కడికి సీప్లేన్ ఖర్చు విమానంతో పోటీ పడుతుంది, పైగా అది పగటిపూటే ఎగురుతుంది. చవక విమానం అర్ధరాత్రి దించితే విమానాశ్రయం పక్కనే ఓ రాత్రి గది తీసుకోవాలి. తిరుగు ప్రయాణపు పన్నును మాల్దీవులు 2024 డిసెంబరులో ఎకానమీ విదేశీయులకు 30 డాలర్ల నుంచి 50కి పెంచింది. రిసార్టుల్లో తలకు రోజుకు 6 డాలర్లున్న హరిత పన్ను 2025 జనవరి నుంచి 12 అయింది. వీళ్ల మీద పెద్దగా జాలిపడాల్సిన పని మాత్రం లేదు.

కోనసీమ యాత్రికురాలికి విమానం దిగాకే అసలు దూరం మొదలవుతుంది. శంషాబాదులో దిగి బస్సెక్కాలి. అది సంక్రాంతి సీజను అయితే ప్రైవేటు బస్సుల వాళ్లకు అక్షరాల పద్ధతి కూడా అక్కర్లేదు, నోటికొచ్చిందే ధర. రైలెక్కుదామంటే అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా కొత్త లైను 2000-01లో మంజూరైంది. గోదావరిలో వంతెన స్తంభాలు లేచాయి, వాటి మీద రైలు ఇంకా నడవలేదు. కువైట్ నుంచి శంషాబాదుకు పట్టే కాలం కంటే శంషాబాదు నుంచి లంక ఊళ్లోని గుమ్మం దాకా పట్టే కాలం ఎక్కువ. చవక శాస్త్రంలో ఈ అధ్యాయమే లేదు.

కాబట్టి శుక్రవారం కువైట్ సిటీలోని మాలియాకు వెళ్లి ఏజెంటు ముందు కూర్చునేవాళ్లు మంగళవారం గురించి అడగనక్కర్లేదు. వెళ్లేది జూన్, జూలైల్లో అయితే కువైట్ నుంచి పోయే టికెట్టు ధర మండుతుంది, తిరిగొచ్చేది ఆగస్టు చివరైతే అక్కణ్ణుంచి వచ్చే టికెట్టు మండుతుంది. సెలవు తేదీ యజమాని నోట ఖాయమైన రోజునే కొనడం కంటే చవక దారి లేదు. చెప్పిన రేటులో సామాను ఎన్ని కిలోలు, యజమాని మాట మారి తేదీ మారిస్తే ఎన్ని దీనార్లు, అసలు ప్రయాణమే రద్దయితే వాపసు ఎంత, ఈ మూడూ డబ్బు చేతిలో పెట్టకముందే రసీదు మీద రాయించుకోండి.