హోమ్ ఎడిషన్ హద్దుల అధికారి గారికి

మహారాజశ్రీ విండోస్ హోమ్ ఎడిషన్ హద్దుల నిర్ణయాధికారి గారి దివ్య సముఖమునకు,

ల్యాప్‌టాప్ కొనుక్కున్న గృహస్థులందరి తరఫున చేసుకొను విన్నపము. ఇక్కడ మేమంతా క్షేమం. తమ చలవ వల్ల మా కంప్యూటర్లు కూడా హద్దు మీరకుండా ఉన్నాయి.

ముందుగా తమ శాఖ పాత సేవల్ని తలుచుకోకపోతే కృతఘ్నులమవుతాం. 2005లో మన దేశానికి హిందీలో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ స్టార్టర్ ఎడిషన్‌లో ఒకేసారి మూడు ప్రోగ్రాములకు మించి తెరవనిచ్చేవారు కాదు. నాలుగోది కావాలంటే ముందు ఒకటి మూసి రావాలి. 2009లో నెట్‌బుక్‌లలో వచ్చిన విండోస్ 7 స్టార్టర్‌కీ ఆ నిబంధన పెట్టబోయి, విడుదలకు ముందే ఎత్తేశారు. సంతోషం. వాల్‌పేపర్ మార్చుకునే వీలు మాత్రం లేకుండా చేశారు. తెర మీద మనవరాలి ఫొటో పెట్టుకుంటే ఎవరి ఆస్తి తరిగిపోతుందో, ఆ వివరం ఏ ఫైల్లో ఉందో ఇప్పటికీ బయటపెట్టలేదు.

ఇప్పటి సంగతికి వస్తాను. మన దుకాణాల్లో అమ్మే చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ 11 హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ముందే ఎక్కించి ఉంటుంది. పేరులో ఉన్నట్టే ఒకటే భాష, ఇక్కడ అది ఇంగ్లీషు. సెట్టింగ్స్‌లో 'టైమ్ అండ్ లాంగ్వేజ్' నొక్కి తెలుగు చేర్చుకోమంటే చేర్చుకుంటుంది. కీబోర్డు ఇస్తుంది, ఒత్తులూ గుణింతాలూ చక్కగా చూపిస్తుంది. కావాలంటే నవలే రాసుకోవచ్చు. మెనూలు మాత్రం తెలుగులోకి మారవు. ఈ లైసెన్సుకు ఒకే డిస్‌ప్లే భాష అని అక్కడే ఒక ముక్క కనిపిస్తుంది, అదీ ఇంగ్లీషులోనే. పోనీ తెలుగు మెనూలు తయారు కాలేదా అంటే, ఎప్పుడో అయ్యాయి. ఇంగ్లీషు రానివాళ్లకు ఒకటే భాష అన్న కబురు ఇంగ్లీషులోనే చెప్పడం తమ శాఖకే చెల్లింది.

తెనాలిలో తల్లి, డాలస్‌లో కొడుకు అనుకోండి. ఆవిడ ల్యాప్‌టాప్‌లో ఏదో మొరాయించింది. కొడుకు అక్కడి నుంచే సరిచేద్దామంటే, హోమ్‌లో రిమోట్ డెస్క్‌టాప్ సగమే పనిచేస్తుంది. అందులోంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్లొచ్చు గానీ, బయటివాళ్లు అందులోకి రావడానికి వీల్లేదు. దూరం నుంచి సాయం చేయడానికి క్విక్ అసిస్ట్ ఉచితంగా ఇచ్చాం కదా అంటారు. ఇచ్చారు, కాదనను. కానీ అది తెరిచి, కొడుకు చెప్పిన కోడ్ కొట్టి, అనుమతి బటన్ నొక్కాల్సింది ఆ తల్లే. ఆ బటన్ మీద ఉన్నది ఇంగ్లీషు. ఇక అర్ధరాత్రి దాకా ఫోన్‌లో "కుడిపక్కదమ్మా, కాదు, నీలం రంగుది" అనుకుంటూ ఇద్దరికీ బీపీలు.

విండోస్ ప్రో ఎడిషన్ కీ కొని కొడితే ఈ హద్దులన్నీ కాసేపట్లో తొలగిపోతాయి, తెలుగు మెనూల హద్దుతో సహా. డబ్బిచ్చి బీరువా కొన్నాక లోపలి అర తాళంచెవి అమ్మినవాడి దగ్గరే ఉన్నట్టుంది.

మేం అన్నీ అడగడం లేదు. ప్రోలో ఉండే హైపర్-వీ, గ్రూప్ పాలసీ ఎడిటర్ లాంటివి తమ దగ్గరే ఉంచుకోండి, అవి లేకపోయినా మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. హోమ్‌కు 128 జీబీ ర్యామ్ హద్దు పెట్టారు. 8 జీబీతో నెట్టుకొస్తున్న మాకు ఆ పొలిమేర ఎటుందో కూడా తెలియదు. వ్యాపారమన్నాక ఆఫీసులకో ధర, ఇళ్లకో ధర ఉంటాయి. అయితే, అమ్మ చదవగలిగే భాషలో బటన్ కనబడటం ఆఫీసు అవసరాల కింద ఎలా జమ అయిందో కాస్త సెలవివ్వండి.

ఆ ఒక్క తాళం తీయించ ప్రార్థన. అది కుదరకపోతే అట్టపెట్టె మీదనైనా "ఇందులో తెలుగు మెనూలు రావు" అని కొట్టొచ్చినట్టు కనిపించే అక్షరాల్లో, తెలుగులోనే అచ్చు వేయించండి. కొనేవాళ్లు కొంటారు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఏకభాషా లైసెన్సుదారు

తా.క.: ఈ విన్నపం తెలుగులో ఉంది. చదవడానికి తమ లైసెన్సు ఒప్పుకోకపోతే ప్రో కీ కొనుక్కోగలరు.